కూర్చుని చూసిన ఇళ్లు

మా చిన్నతనంలో తిరుపతిలో ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిస్తే, పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, పంక్తి భోజనాలు అన్నీ అయిన తరువాత ఇంటి ఇల్లాలు చీర కొంగు నడుముకు దోపుకొని "రండి, ఇల్లు చూపిస్తాను" అనడం ఒక ఆనవాయితీగా ఉండేది. వచ్చిన ఆడవాళ్లు గది గదికీ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి తొంగి చూసి, "బాగుండాదమ్మా" అని తరువాతి గదికి నడిచేవారు. మా అమ్మ చూసే పద్ధతి వేరు. ఆమె ప్రతి గదిలోనూ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చునేది. రెండు మూడు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ వైపు, పైకప్పు వైపు, తలుపు వైపు చూసి, ఆ తరువాతే లేచేది. ఎందుకమ్మా అలా అని నేను అడిగినప్పుడు, "నిలబడి చూస్తే ఇల్లు తెలీదు, కూర్చుంటే తెలస్తాది" అనేది. నాన్నగారి గుమాస్తా జీతంతో మాకు సొంత ఇల్లు అమరలేదు గానీ, ఊళ్లో మంచి ఇల్లు ఏది లేచినా, పాత ఇంటిని ఎవరు బాగుచేయించుకున్నా అమ్మ చూడకుండా ఉండేది కాదు, నన్ను తీసుకువెళ్లకుండానూ ఉండేది కాదు. అలా చూసిన ఇళ్లలో కొన్ని వాటి వెలుతురుతో, నేల చల్లదనంతో సహా నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చిత్తూరులోని ఒక ఇంటిని మాత్రం మూడు కాలాల్లో మూడు రూపాల్లో చూశాను. ఇది రాయడానికి కూర్చున్నది ముఖ్యంగా ఆ ఇంటి కోసమే.

మేము అద్దెకున్నది గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో, ఒక పాత మిద్దె ఇంటి వెనుక భాగంలో. వీధి వైపు తిన్నె, తిన్నె దాటితే పొడవాటి నడవ, దానికి ఒక పక్కన ఇంటివారి గదులు, చివర మా రెండు గదులు. గోడలు రెండడుగుల మందంతో ఉండి మే నెల ఎండలోనూ చెయ్యి పెడితే చల్లగా తగిలేవి. ప్రతి సంక్రాంతికి ముందు రాతి సున్నాన్ని కుండలో నానబెట్టి, కుతకుతలాడి చల్లారిన తరువాత అందులో కొంచెం నీలిమందు కలిపి గోడలకు పూసేవారు. నేల ఎర్ర గచ్చు. అమ్మ దానిని వారానికొకసారి కొబ్బరినూనె చుక్కలు వేసిన గుడ్డతో తుడవడం వల్ల అద్దంలా మెరిసేది. ఎర్ర గచ్చు వేసేటప్పుడు ఒక గది నేలను ఒకే పూటలో చెయ్యి ఆపకుండా పూర్తి చేయాలని, మధ్యలో ఆపితే ఆ అతుకు ఎన్నేళ్లయినా రంగు తేడాతో కనిపిస్తూనే ఉంటుందని ఇంటివారి అవ్వ చెప్పేది. మా వంటగది నేల మీద అలాంటి గీత ఒకటి ఉండేది. ఆ బేల్దారి ఆ పూట ఎందుకు ఆగాడో, ఎవరు పిలిచారో, తిరిగి ఎప్పుడు వచ్చాడో అని అన్నం తింటూ దాని వైపు చూసి ఊహించుకునేదాన్ని.

చిత్తూరు ఇంటికి మొదటిసారి వెళ్లింది 1978 వేసవి సెలవుల్లో. అమ్మకు పెదనాన్న వరసయ్యే ఒకాయన అక్కడ బెల్లం మండీ నడిపేవారు. చిత్తూరు బెల్లానికి పేరున్న ఊరు కనుక మండీ ఉన్న కుటుంబాలు ఆ రోజుల్లో కలిగినవే. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా బస్సు చిత్తూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వీధి నుంచి చూస్తే ఆ ఇల్లు అంత పెద్దదిగా కనిపించలేదు. ముఖభాగం ఇరుకు, లోతు మాత్రం ఎక్కువ. ముందు తలుపు దగ్గర నిలబడితే తలుపు వెనుక తలుపుగా వరుసన ఐదు ద్వారబంధాలు, ఆ చివర పెరట్లోని వేపచెట్టు కనిపించాయి. తిన్నె మీద నాలుగు బర్మా టేకు స్తంభాలు ఉండేవి. ఆ టేకు మద్రాసు రేవులో దిగి, అక్కడి నుంచి రైలులో వచ్చిందని పెద్ద తాత చెప్పారు. ఎంతోమంది వీపులు ఆని, ఎంతోమంది పిల్లలు కావిలించుకొని ఆ స్తంభాలు నా చేతులు చేరేటంత ఎత్తు వరకు నున్నగా, నల్లగా మారి ఉన్నాయి.

లోపల నడిమధ్యన ఆకాశానికి తెరిచిన తొట్టి, దాని చుట్టూ నాలుగు వైపులా నడవ. ఆ నడవ నేలకు పరిచినవి కారైకుడి దగ్గరి ఆత్తంగుడి నుంచి తెప్పించిన పలకలు. వాటిని కాల్చరు. గాజు పలక మీద అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటును గడులలో పోసి, పైన ఇసుక, సిమెంటు నింపి, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఆరిన తరువాత గాజు నుంచి విడదీస్తే గాజు నునుపు అంతా పలకకే వస్తుంది. ఆ పైన మెరుగు పెట్టవలసింది మనుషుల పాదాలే. ఎంత నడిస్తే అంత మెరుస్తాయి. పచ్చ, మెరూన్, పసుపు రంగుల పువ్వులతో ఉన్న ఆ నేల మీద అడుగు వేయడానికే నాకు మొదట సంకోచం కలిగింది.

అంతకంటే వింత గోడలు. తెల్లగా, పాలరాయి కాని పాలరాయిలా ఉండి, దగ్గరగా వెళితే మన నీడ వాటిలో కదిలేది. అది కోడిగుడ్డు సున్నం పూత. ఒక పూత మీద మరొక పూతగా, ఒక్కొక్కటి ఆరేవరకు ఆగి, పైపైకి వచ్చేకొద్దీ మెత్తని సున్నంతో పూస్తారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు సున్నంలో కలుపుతారు. చివరి పూతకు గవ్వల సున్నాన్ని వెన్నలా నూరి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి, పూసిన తరువాత నున్నని రాళ్లతో గంటల తరబడి రుద్దుతారు. "ఈ గోడల్లో మన మండీ బెల్లం ఉండాది పాపా" అని పెద్ద తాత అరచేత్తో గోడను నిమురుతూ చెప్పిన మాట నాకు నిన్న విన్నట్టుంటుంది. మిద్దె మీదికి తీసుకువెళ్లి దాని కథ కూడా చెప్పారు. టేకు దంతెల మీద చిన్న సైజు ఇటుకలను పక్కకు నిలబెట్టి, ఏటవాలుగా సున్నంతో పేర్చి, దాని పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు పోసి, ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి పాటలు పాడుతూ కొట్టేవారట. మద్రాసు మిద్దె అనేది ఆ పద్ధతినే. కట్టిన ఇంజనీరు పేరు ఎవరికీ తెలియదు గానీ, మిద్దె కొట్టిన ఆడవాళ్ల పాటల్లో రెండు చరణాలు మాత్రం ఆ ఇంట్లో అవ్వకు నోటికి వచ్చేవి.

అమ్మ ఆ ఇంట్లో చాలాచోట్ల కూర్చుంది. చివరికి తొట్టి పక్కన, పడమటి నడవలో ఒక స్తంభం దగ్గర కూర్చుని, నన్నూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. అక్కడ కూర్చుంటే వీధి తలుపు, వంటింటి తలుపు, పూజగది, మిద్దె మెట్లు నాలుగూ తల తిప్పకుండానే కనిపించాయి. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో, పొయ్యి మీద ఏమి పొంగుతోందో, పిల్లలు మెట్లు ఎక్కుతున్నారో లేదో అన్నీ ఆ ఒక్క చోటు నుంచే తెలుస్తాయి. "అవ్వ చోటు ఇదే" అంది అమ్మ. ఎలా తెలుసని అడిగితే, నేలను చూపించింది. అక్కడి రెండు పలకలు చుట్టుపక్కల వాటికంటే ఎక్కువగా మెరుస్తున్నాయి. అవ్వ నలభై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుని కూరగాయలు తరిగింది, జడలు వేసింది, లెక్కలు అడిగింది. ఇల్లు కట్టినవారు ఆలోచించి ఉంచిన చోటో, ఉండగా ఉండగా అవ్వ కనిపెట్టుకున్న చోటో నేను చెప్పలేను. అందమైన ఇల్లు అంటే ఏమిటో నాకు మొదటిసారి బోధపడింది ఆ రెండు పలకల మీదనే.

తిరుగు ప్రయాణంలో అమ్మ చంద్రగిరిలో బస్సు దింపింది. కోటలోని రాజమహల్‌లో ఎక్కడా కలప వాడలేదని పెద్ద తాత అన్న మాట ఆమె మనసులో పడింది. అన్ని దంతెలూ దూలాలూ చూసి వచ్చిన మరుసటి రోజే అవేవీ లేని మిద్దెను చూడాలని ఆమె ఆత్రం. తళ్లికోట యుద్ధం 1565లో జరిగిన తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి రాజధానిని మార్చిన సంగతి నాకు పాఠంలో ఉంది, కానీ ఆ మూడంతస్తుల భవనాన్ని అమ్మ చరిత్రగా చూడలేదు. రాయి, ఇటుక, సున్నంతో మాత్రమే అంత బరువు ఎలా నిలిచిందని చూసింది. కమాను కింద కూర్చుని, వేలితో గాలిలో దాని వంపును గీసి, బరువు నేరుగా కిందికి దిగకుండా వంపు వెంట జారి స్తంభంలోకి ఎలా పోతుందో నాకు చూపించింది. ఎనిమిదో తరగతి దాటి చదవని మనిషి కమాను సూత్రాన్ని అంత తేటగా చెప్పగలిగిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. కళ్లు తిరిగి కూర్చుందేమోనని కాపలా మనిషి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

తరువాతి కాలంలో తిరుపతిలో ఇళ్ల తీరు మారిపోయింది. 1984 ప్రాంతంలో బాలాజీ కాలనీ వైపు ఒక డాక్టరుగారు కట్టుకున్న ఇల్లు చూడటానికి ఊళ్లో సగంమంది వెళ్లారు. మొజాయిక్ నేల అప్పటికి గొప్ప. పాలరాతి ముక్కలను తెల్ల సిమెంటులో కలిపి పరిచి, గట్టిపడిన తరువాత మిషనుతో నీళ్లు పోస్తూ అరగదీస్తుంటే వచ్చే హోరు, తెల్లటి బురద, ఆ బురద కింద నుంచి ఒక్కొక్కటిగా బయటపడే రంగు ముక్కలు నాకు బాగా నచ్చాయి. హాలుకు భోజనాల గదికి మధ్య కమాను, మెట్ల పక్కన రంగు అద్దాల కిటికీ, సన్మైకా అతికించిన షోకేసులు, మూడు గోడల పొడవునా సోఫాలు. డాక్టరుగారి భార్య ఎంతో ప్రేమగా చూపించారు. అమ్మ ఎప్పటిలాగే నేల మీద కూర్చోబోతే ఆవిడ నొచ్చుకొని "అయ్యో, సోఫాలో కూర్చోండక్కా" అన్నారు. అమ్మ సోఫాలో కూర్చుంది. ఇంటికి వచ్చాక, "మెట్ల దగ్గర రంగు అద్దం వెలుతురు ఎంత బాగుండాదో. కానీ వీపు ఆనించుకునేదానికి ఒక్క గోడైనా మిగల్చలేదు పాపం" అంది. ఆ తరువాత నేను ఏ ఇంటికి వెళ్లినా ముందుగా ఖాళీగా వదిలిన గోడ ఒకటైనా ఉందా అని వెతుకుతాను.

చిత్తూరు ఇంటికి రెండవసారి వెళ్లింది 1994లో. పెద్ద తాత, అవ్వ ఇద్దరూ పోయారు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు తొట్టి నడుమ ఇటుక గోడ లేపి, రెండు సగాల పైనా రేకులు కప్పేశారు. పట్టపగలే లైట్లు వెలుగుతున్నాయి. దానికంటే బాధ కలిగించింది గోడలు. పాత పూత బలహీనమని, సిమెంటు పూస్తే వందేళ్లు చూసుకోనక్కరలేదని ఒక కాంట్రాక్టరు చెప్పగా, ఆ అద్దంలాంటి గోడల నిండా ఉలితో గాట్లు పెట్టించి, పట్టు దొరికిన తరువాత సిమెంటు పూయించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి మోకాలి ఎత్తు వరకు పూత ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలడం మొదలైంది. పునాది నుంచి పైకి పాకే తేమ సున్నపు పూత గుండా బయటికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. దారిలేని తేమ గోడలోనే పైపైకి ఎక్కింది. దానికి మందు అని మరొక పూత సిమెంటు వేయిస్తే మరుసటి ఏడు నడుము ఎత్తుకు వచ్చింది. సున్నపు గోడకు సిమెంటు పూయడం చెయ్యరాని పని అని ఇప్పుడు అందరికీ తెలిసినా, మన ఊళ్లలో పాత ఇళ్లు ఈ ఒక్క తప్పు వల్లనే ఇంకా పాడవుతున్నాయి. చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. ఆ రోజు అమ్మ ఏ గదిలోనూ కూర్చోలేదు. అవ్వ చోటు సరిగ్గా కొత్త గోడకు అవతల పడింది, అవతలి భాగం వారితో అప్పుడు మాటలు లేవు. కాఫీ తాగి వచ్చేశాము.

మూడవసారి 2013లో. పెద్ద తాత మనుమడు, నాకు బావ వరస, బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చి, రెండవ భాగాన్ని కూడా కొని, ఇంటిని మళ్లీ ఒకటి చేశాడు. ఏడాదిన్నర పని జరిగింది. అడ్డుగోడ తీశారు, రేకులు దించారు, కోతులు దిగకుండా తొట్టి పైన ఇనుప కమ్ముల జాలీ మాత్రం పెట్టారు. అద్దం కప్పమని సలహా చెప్పినవారు చాలామంది ఉన్నారట. కప్పనందుకు నేను వాడిని ఎంతో మెచ్చుకున్నాను, వాన పడని తొట్టి తొట్టే కాదు. కారైకుడి వైపు నుంచి సున్నపు పని తెలిసిన మేస్త్రీలను పిలిపించాడు. సిమెంటు పెచ్చులు ఒలిచి, గోడలను కొన్ని నెలలు ఊరికే ఆరనిచ్చి, ఆ తరువాత మళ్లీ సున్నం పూయించాడు. పాత గుడ్డుసొన పూత పూజగది పక్కన తలుపంత మేర మాత్రం దక్కింది. దాని మీది ఉలి గాట్లు పూడ్చకుండా అలాగే ఉంచాడు. మొదట నాకు అది నచ్చలేదు, ఇంటికి తగిలిన దెబ్బను దాచడమే మర్యాద అనిపించింది. రెండు రోజులు ఉన్న తరువాత, గాట్ల నడుమ మిగిలిన ఆ నునుపు మీద సాయంత్రం వెలుతురు పడటం చూసి వాడు చేసినదే సరి అనుకున్నాను.

నేల విషయంలో వాడి తెలివికి ఆశ్చర్యపోయాను. పగిలిపోయిన పలకలకు బదులు ఆత్తంగుడిలోనే పాత నమూనా చూపించి కొత్తవి చేయించాడు. కొత్త రంగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి గనుక వాటిని ఎవరూ నడవని అంచుల వెంట వేయించి, అంచుల్లోని పాత పలకలను పగిలిన చోట్లలోకి తెచ్చాడు. చెదలు తిన్న మూడు దంతెలకు బదులు వేరే పాత ఇల్లు పడగొట్టిన చోట టేకు కొని తెచ్చాడు. బెల్లం నిలవచేసే గది స్నానాలగది అయింది. వంటింట్లో కడప బండల అరలు కట్టించాడు, చింతపండు పులుసు పడితే ఆ బండ మీద తెల్లటి మచ్చ పడుతుంది కాబట్టి గ్యాసు పొయ్యి పెట్టే గట్టుకు మాత్రం గ్రానైటు వేయించాడు. పెరటి తలుపును ఏర్పేడు మండలంలోని మాధవమాల శిల్పుల చేత చెక్కించాడు. పడమటి గోడ మీద శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం ఒకటి వేలాడదీశాడు. కలంకారీ బట్టను మొదట పాలూ కరక్కాయా కలిపిన నీళ్లలోనే తడుపుతారు. గోడకూ గోడ మీది బట్టకూ అదే కరక్కాయ అని అమ్మ గుర్తుచేసేవరకు మాలో ఎవరికీ తోచలేదు. స్తంభాల మొదళ్లలో పెట్టించిన చిన్న లైట్లు మాత్రం నాకు ఇప్పటికీ రుచించలేదు, వాటిని రాత్రిళ్లు ఆర్పేయమని వాడికి చెప్పాను.

అమ్మకు అప్పటికి డెబ్బై ఐదేళ్లు. మోకాళ్లు వంగేవి కావు. గది గదీ మెల్లగా తిరిగి, తొట్టి పక్కన పడమటి నడవకు వచ్చి ఆగింది. బావ పరుగున కుర్చీ తెచ్చి, "అత్తా, ఇందులో కూర్చో" అన్నాడు. కూర్చుని, కాసేపు నేల వైపే చూసి, "నువ్వు కింద కూర్చో పాపా. ఏమేమి కనిపిస్తాదో చెప్పు" అంది నాతో. అవ్వ చోటును ఇట్టే గుర్తుపట్టాను. ఆ రెండు పలకలను బావ కదిలించలేదు. స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను.

"వీధి తలుపు కనిపిస్తాది. మెట్లు కనిపిస్తాయి. పూజగది కనిపిస్తాది."

"వంటిల్లు?"

కొత్త అరల కోసం వంటింటి తలుపును రెండడుగులు పక్కకు జరిపారు. "సగమే కనిపిస్తాదమ్మా" అన్నాను. బావ ముఖం చిన్నబోయింది. అమ్మ వాడి చెయ్యి పట్టుకొని, "పోనీలే నాయనా, గిన్నెల చప్పుడు వినిపిస్తాది కదా, చాలు" అంది.

"చల్లగా ఉండాదా?" అని నన్ను అడిగింది.

"ఉండాదమ్మా" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి, రెండు పాదాలనూ నా పక్కన, అవ్వ పలకల మీద పెట్టుకుంది. తొట్టిలో ఎండ తూర్పు అంచు చేరేవరకు మేము అక్కడే ఉన్నాము.